గాసిప్‌లో ‘షాకింగ్’.. కోర్టులో హక్కు! ఇద్దరమ్మాయిల ప్రేమను మన తెర ఎలా చూస్తోంది?

2024 డిసెంబర్. గుంటూరు జిల్లా తుళ్లూరు మండలం నేలపాడులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు ఒక హెబియస్ కార్పస్ పిటిషన్ వచ్చింది. విజయవాడలో ఏడాదిగా కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల కథ అది. తన భాగస్వామిని కన్నతండ్రే బలవంతంగా తీసుకెళ్లి ఇంట్లో ఉంచేశారంటూ రెండో యువతి కోర్టుకెక్కింది. జస్టిస్ ఆర్.రఘునందన్ రావు, జస్టిస్ కె.మహేశ్వరరావు ధర్మాసనం సూటిగా తేల్చేసింది. ఆమె మేజర్.. ఎవరితో కలిసి ఉండాలన్నది ఆమె నిర్ణయం.. తల్లిదండ్రులు జోక్యం చేసుకోవద్దు. అంతే!

పత్తి, మిర్చి తప్ప వేరే వార్త ఉండదనుకునే జిల్లాలో, ఇద్దరు ఆడవాళ్లు కలిసి బతికే హక్కు గురించి ఇంత స్పష్టమైన మాట వచ్చింది. కానీ ఆ మాట ఎంతమంది ఫోన్లలోకి చేరింది? చేరినా ఏ రూపంలో చేరింది?

ఎందుకంటే ఫోన్‌లో ఇలాంటి వార్తలు వేసుకునే డ్రెస్ వేరు. ఎర్ర బాణం గుర్తు, నోరెళ్లబెట్టిన ఎమోజీ, ‘ఇద్దరమ్మాయిల వింత ప్రేమ’ అనే టైపు టైటిల్. కోర్టు చెప్పిన ‘మేజర్’, ‘నిర్ణయం’ అనే మాటలు అందులో కనిపించవు. ‘వింత’ మాత్రం పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే ఈ విషయంలో తెలుగు న్యూస్ మీడియా కూడా పెద్దగా గర్వపడాల్సిందేమీ లేదు.

చూసేది ఎవరు?

జనవరి దాటితే గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో మిర్చి కోతల సీజన్. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే కోతలకు వలస వస్తాయి. చేలో కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. కల్లాల్లో తాలు కాయలు ఏరేదీ, తొడిమలు తీసేదీ వాళ్లే. అంతకుముందు పత్తి తీతల్లోనూ వాళ్లే. ఇప్పుడు ఆ ముఠాల్లో వయసు పిల్లల దగ్గర ఫోన్ ఉంటోంది. మధ్యాహ్నం అన్నం తిని చెట్టు కింద కూర్చున్నప్పుడు రీల్స్ తిరుగుతాయి. గాసిప్ వీడియోలూ తిరుగుతాయి.

ఆ ముఠాలో ఒక అమ్మాయికి తన జట్టుపిల్ల మీద ఉన్నది స్నేహం కాదు, అంతకంటే ఎక్కువని లోలోపల తెలుసనుకుందాం. దానికి ఆమె దగ్గర పేరు లేదు. ఊళ్లో ఆ మాట ఎవరూ అనరు. బడిలో చెప్పలేదు. ఆ పేరు మొదటిసారి ఆమెకు వినిపించేది ఫోన్‌లోనే. అది ఒక హీరోయిన్ మీద పుకారుగానో, కత్తిపోట్ల క్రైమ్ వార్తగానో, ‘ఎ’ సర్టిఫికెట్ సినిమా ట్రైలర్‌గానో వస్తుంది. పక్కనున్న వదిన అది చూసి ‘ఛీ’ అంటుంది, లేదా పగలబడి నవ్వుతుంది. ఆ నవ్వులో ఆమె కూడా కలవాలి. కలవకపోతే అనుమానం వస్తుంది మరి.

సెలబ్రిటీల మీద పుకారు వస్తే వాళ్లకు పీఆర్ టీమ్ ఉంటుంది, లాయర్ ఉంటాడు. చెట్టు కింద కూర్చున్న ఆ అమ్మాయికి ఏముంటుంది? పుకారు ఒకరి మీద పుడుతుంది.. దెబ్బ ఇంకొకరికి తగులుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మన పల్లెల్లో ఇద్దరు ఆడపిల్లలు చేతులు పట్టుకుని నడిచినా, ఒకే మంచం మీద పడుకున్నా, ఒకే రంగు చీరలు కట్టుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. ‘వాళ్లిద్దరూ ఒకటేనమ్మా, విడదీయలేం’ అని మురిసిపోతారు కూడా. ఆ మురిపెం పెళ్లి సంబంధాలు చూడటం మొదలుపెట్టేదాకే. ఒక పిల్ల ‘నాకు పెళ్లొద్దు’ అనగానే ఇంట్లోవాళ్లకు ఎక్కడో చూసిన వీడియో గుర్తొస్తుంది. ఫోన్ లాక్కుంటారు. స్నేహితురాలి రాకపోకలు బంద్. ఆ తర్వాత వారంలో పెళ్లిచూపులు. అంటే తెరమీద ‘కనిపించడం’ ఎప్పుడూ మంచే చేస్తుందనుకోలేం. ఎగతాళిగా కనిపిస్తే, అంతవరకు ఉన్న కాస్త చాటు కూడా పోతుంది.

రేఖ విషయంలో జరిగింది ఇదే!

గాసిప్ ఎలా తయారవుతుందో తెలుసుకోవాలంటే 2023 జులై గుర్తు చేసుకోవాలి. నటి రేఖకు తన దగ్గర పనిచేసే మహిళతో సంబంధం ఉందంటూ దేశమంతా వెబ్‌సైట్లు, యూట్యూబ్ ఛానళ్లు ఊదరగొట్టాయి. ఆధారం ఏంటంటే.. 2016లో యాసిర్ ఉస్మాన్ రాసిన రేఖ జీవిత చరిత్ర అన్నారు. తీరా చూస్తే ఆ రచయితే బయటికొచ్చి, తన పుస్తకం పేరుతో తిప్పుతున్న ఆ మాటలు పచ్చి అబద్ధమని, పుస్తకంలో అలాంటిదేమీ లేదని ప్రకటించారు. సరిదిద్దకపోతే చట్టపరంగా వెళ్తానని కూడా హెచ్చరించారు. ఏడేళ్లుగా మార్కెట్‌లో ఉన్న పుస్తకం అది. తెరిచి చూస్తే తెలిసిపోయేది. ఎవరూ తెరవలేదు. ఒకరు రాశారు, మిగతావాళ్లు దాన్నే దించేశారు.

రేఖ మనకు పరాయి మనిషేం కాదు. ఆమె తల్లి పుష్పవల్లి పశ్చిమ గోదావరి జిల్లా పెంటపాడులో పుట్టిన తెలుగు నటి. రేఖ చిన్నప్పుడు ‘ఇంటిగుట్టు’, ‘రంగుల రాట్నం’లో నటించింది. తండ్రి జెమినీ గణేశన్. ఆయన పేరు వినగానే మనకు గుర్తొచ్చే ఇంకో పేరు సావిత్రి. ఆమెది గుంటూరు జిల్లా తాడేపల్లి మండలం చిర్రావూరు. సావిత్రి నటనను ఎంత చూశారో, ఆమె సంసారాన్ని కూడా అంతే చూశారు జనం. 2018లో ‘మహానటి’ వచ్చినప్పుడు కూడా థియేటర్ బయట చర్చంతా తప్పు ఎవరిదన్న దాని మీదే నడిచింది.

అసలు ఈ జిల్లా ఇచ్చినంతమంది హీరోయిన్లను ఇంకే జిల్లా ఇచ్చిందో చెప్పడం కష్టం. కాంచనమాల, శారద తెనాలి వైపు వాళ్లు. జమున పెరిగింది దుగ్గిరాలలో. తారలను ఇచ్చిన నేల కాబట్టి తారల ముచ్చట్లకూ ఇక్కడ కొదవ లేదు. టీ కొట్టు దగ్గర సినిమా పేజీ ముందు తిప్పే అలవాటు నిన్నమొన్నటిది కాదు.

గాసిప్ ప్రాణాల మీదకు తెచ్చిన ఉదంతం కూడా పాతదే. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో, 1944 నవంబర్‌లో లక్ష్మీకాంతన్ అనే గాసిప్ పత్రిక ఎడిటర్ కత్తిపోట్లకు బలయ్యాడు. తారల సొంత జీవితాలను అచ్చేయడమే ఆయన వ్యాపారం. ఆ కేసులో అప్పటి తమిళ సూపర్‌స్టార్ త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్.కృష్ణన్ జైలుకెళ్లి, 1947లో నిర్దోషులుగా బయటికొచ్చారు. భాగవతార్ కెరీర్ మాత్రం మళ్లీ లేవలేదు. అప్పట్లో కనీసం ఎడిటర్ ఎవరో జనానికి తెలిసేది. ఇప్పుడు వాయిస్ ఓవర్ చెప్పేది ఎవరో కూడా తెలియదు.

ఇప్పటి పద్ధతిలో ఒక చిట్కా ఉంది. అదే ప్రశ్న గుర్తు! ఇద్దరు హీరోయిన్లు కలిసి టూర్‌కెళ్లి ఫొటో పెడితే చాలు.. ‘వాళ్లిద్దరి మధ్య ఏం నడుస్తోంది?’ అని టైటిల్. అన్నామా అంటే అనలేదు. అనలేదా అంటే అన్నట్టే. ఎనిమిది నిమిషాల వీడియోలో ఏడు నిమిషాలు వాళ్ల పాత సినిమాల క్లిప్పులు.. చివర్లో ‘నిజానిజాలు తెలియాల్సి ఉంది’. భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టానికి 356 సెక్షన్ ఉంది. కానీ కేసు వేస్తే పుకారుకు ఇంకో వారం ఆయుష్షు పోసినట్టే. అందుకే చాలామంది మౌనంగా ఉండిపోతారు. మౌనంగా ఉంటే దానికీ ఒక టైటిల్ రెడీ.. ‘ఎందుకు ఖండించలేదు?’

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ‘ఛీ ఛీ, మా అభిమాన నటి అలాంటిది కాదు’ అని ఫ్యాన్స్ గొడవకు దిగుతారు. ఆ వకాల్తాలో కూడా ‘అలాంటిది’ అంటే తప్పుడు మనిషి అన్న అర్థమే ఉంటుంది. పుకారు పుట్టించినవాడూ, ఖండించినవాడూ ఇద్దరూ కలిసి ఆ మాటను తిట్టుగా మార్చేస్తున్నారు. అబద్ధాన్ని అబద్ధమని ఖండించొచ్చు. అందులో ఉన్న ప్రేమను బూతు అనాల్సిన పని లేదు.

తెలుగు తెర మీద ఏం జరిగింది?

2018 ఫిబ్రవరి 16. ప్రశాంత్ వర్మ డైరెక్ట్ చేసిన తొలి సినిమా ‘అ!’ విడుదలైంది. నిర్మాతల్లో హీరో నాని ఒకరు. అందులో రాధ అనే అమ్మాయి తను ప్రేమించిన మనిషిని అమ్మానాన్నలకు పరిచయం చేయడానికి రెస్టారెంట్‌కు పిలుస్తుంది. వచ్చిన మనిషి పేరు క్రిష్. అబ్బాయి కోసం ఎదురుచూస్తున్న తల్లిదండ్రుల ముందు కూర్చున్నది అమ్మాయి! రాధగా ఈషా రెబ్బా, క్రిష్‌గా నిత్యా మీనన్. ఆ సీన్‌లో వెకిలితనం లేదు, ఐటెం సాంగ్ లేదు. ఒక టేబుల్ చుట్టూ నలుగురు మనుషులు కూర్చుని మాట్లాడుకుంటారు. అంతకుముందు తెలుగు తెర మీద ఇలాంటి జంట ఇంత మామూలుగా, ఇంత మర్యాదగా కనిపించిన సందర్భం గుర్తుకు రావడం కష్టం. పైగా అప్పటికి 377 సెక్షన్ ఇంకా బతికే ఉంది. సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది ఆ తర్వాత ఏడు నెలలకు, సెప్టెంబర్ 6న.

అయితే సినిమా చివరికి ఒక ట్విస్ట్ ఉంటుంది. అంతసేపూ చూసిన మనుషులంతా నిజంగా లేరు. కాజల్ అగర్వాల్ పోషించిన ఒక గాయపడ్డ అమ్మాయి మనసులోని ముక్కలు వాళ్లు. కథగా చూస్తే తెలివైన మలుపే. మేకప్‌కు, స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డులు కూడా వచ్చాయి. కానీ అదే ప్రకాశం జిల్లా అమ్మాయి ఫోన్‌లో చూస్తే ఏమనిపిస్తుంది? తనలాంటి జంట మొదటిసారి తెలుగులో కనిపించింది.. చివరికి వాళ్లు కూడా ఊహే అని తేలింది. దర్శకుడి ఉద్దేశం అది కాకపోవచ్చు. సినిమాలో మిగతా పాత్రలన్నీ కూడా ఊహలే కదా అని వాదించొచ్చు. ఆ వాదనలో న్యాయం ఉంది. కానీ మిగతా పాత్రల్లాంటి వాళ్లకు తెలుగులో వెయ్యి సినిమాలున్నాయి. ఈ జంటకు ఉన్నది ఇదొక్కటే.

ఆ తర్వాత వచ్చింది రామ్ గోపాల్ వర్మ ‘మా ఇష్టం’. నైనా గంగూలీ, అప్సర రాణి జంటగా తీసిన క్రైమ్ కథ. దేశంలోనే తొలి లెస్బియన్ క్రైమ్ సినిమా అని వర్మ స్టైల్లో ప్రచారం చేశారు. 2022 ఏప్రిల్‌లో రిలీజ్ అనుకుంటే, పెద్ద మల్టీప్లెక్స్ చైన్లు వేయబోమన్నాయి. 377ను కోర్టు కొట్టేసింది, సెన్సార్ కూడా సర్టిఫికెట్ ఇచ్చింది, మీకేంటి అభ్యంతరం అని వర్మ నిలదీశారు. ఆ పాయింట్ వరకు ఆయనదే రైటు. సెన్సార్ అయిన సినిమాను కథాంశం నచ్చలేదని ఆపడం ఏ పద్ధతి? వాయిదాల తర్వాత మే నెలలో సినిమా థియేటర్లకు వచ్చి వెళ్లిపోయింది.

కానీ ప్రచారంలో వదిలిన పాటలు, పోస్టర్లు చూస్తే విషయం అర్థమవుతుంది. కెమెరా ఆ ఇద్దరు అమ్మాయిల పక్కన నిలబడలేదు. కుర్రాళ్ల సీట్లో కూర్చుంది. సినిమా పేరు ‘మా ఇష్టం’.. కెమెరా మాత్రం చూసేవాడి ఇష్టం! నేలపాడు కోర్టులో ఆ యువతి అడిగింది కూడా అక్షరాలా ‘మా ఇష్టం’ అనే. రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని కిలోమీటర్లలో కొలవలేం.

సరదాగా ఒక విషయం. ఇదే పాత గుంటూరు జిల్లాలోని బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు చీరకట్టి సత్యభామ వేషం వేస్తే ఆంధ్రదేశమంతా నీరాజనం పట్టింది. 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆడ, మగ గీత రంగస్థలం మీద చెరిగితే మన తాతలకు ఇబ్బంది అనిపించలేదు. ఆడమనిషి ఆడమనిషినే కోరుకుంటే ఎలా ఉంటుందో మాత్రం ఏ నాటక సమాజమూ అడగలేదు.

హైదరాబాద్‌లో పుట్టినవాళ్లు.. తెలుగులో చేసినవాళ్లు

దేశంలో ఈ కథను తెరకెక్కించిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట తెలుగు లింకు తగులుతూనే ఉంది. దీపా మెహతా ‘ఫైర్’ 1998లో విడుదలైనప్పుడు ముంబై, ఢిల్లీ థియేటర్ల మీద దాడులు జరిగాయి. సినిమాను మళ్లీ సెన్సార్‌కు పంపారు. ఒక్క కట్ లేకుండా 1999 ఫిబ్రవరిలో తిరిగి వచ్చింది. అందులోని షబానా ఆజ్మీ పుట్టింది హైదరాబాద్‌లో. నందితా దాస్ తర్వాత తెలుగులో ‘కమ్లి’ చేశారు, ‘విరాటపర్వం’ చేశారు.

2019లో ‘ఏక్ లడ్కీ కో దేఖా తో ఐసా లగా’ వచ్చింది. పంజాబ్ మోగాలోని సోనమ్ కపూర్ పాత్ర ప్రేమించేది మన రెజీనా కసాండ్రా పాత్రనే. ‘పిల్లా నువ్వులేని జీవితం’, ‘సుబ్రమణ్యం ఫర్ సేల్’ చూసిన కుర్రాళ్లకు బాగా తెలిసిన ముఖం. తెలుగులో ఆమెకు అలాంటి పాత్ర రాసినవాళ్లు మాత్రం లేరు.

వీటన్నిటికంటే మన మాగాణికి, మెట్టకు దగ్గరగా వచ్చింది నీరజ్ ఘేవాన్ తీసిన ‘గీలీ పుచ్చీ’. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘అజీబ్ దాస్తాన్స్’లో ఒక భాగం. ఫ్యాక్టరీలో మెషీన్ మీద పనిచేసే దళిత యువతిగా కొంకణా సేన్ శర్మ, ఆఫీసు సీట్లో కూర్చునే అగ్రకులం అమ్మాయిగా అదితి రావ్ హైదరీ. అదితిది హైదరాబాద్, ‘సమ్మోహనం’ హీరోయిన్. ఇద్దరి మధ్య ఇష్టం ఉంది. దానికంటే ముందే కులం ఉంది. టీ కప్పు దగ్గర, బర్త్‌డే కేక్ దగ్గర కూడా అది వచ్చి కూర్చుంటుంది. కారంచేడు, చుండూరు పేర్లు మర్చిపోలేని నేల ఇది. ఇక్కడ ప్రేమ ఎవరి మధ్య అనే ప్రశ్న కంటే ముందు ఏ కులాల మధ్య అనే ప్రశ్న వస్తుంది. ఇద్దరమ్మాయిల ప్రేమ ఆ లెక్క నుంచి తప్పించుకుంటుందనుకోవడం అమాయకత్వం.

మోహన్‌లాల్ చెప్పిన ఆ మాట

రియాలిటీ షోల సంగతికొద్దాం. మొబైల్‌లో ఎక్కువమంది చూసేది అవే. తెలుగు బిగ్‌బాస్ ట్రాన్స్‌జెండర్ మహిళలను హౌస్‌లోకి తీసుకొచ్చింది. 2019లో తమన్నా సింహాద్రి, 2021లో ప్రియాంక సింగ్. ముఖ్యంగా ప్రియాంకను ఇళ్లలో ఆడవాళ్లు సొంత మనిషిలా చూశారు. లెస్బియన్ జంట మాత్రం తెలుగు హౌస్‌లో కనిపించలేదు.

మలయాళంలో కనిపించింది. 2025లో బిగ్‌బాస్ మలయాళం ఏడో సీజన్‌లోకి ఆదిలా, నూరా అనే జంట అడుగుపెట్టింది. వీళ్ల కథ కూడా కోర్టు నుంచి మొదలైందే. సౌదీలో స్కూల్లో కలుసుకున్న ఈ ఇద్దరినీ ఇంట్లోవాళ్లు విడదీస్తే, 2022 మే 31న కేరళ హైకోర్టు కలిపింది. హౌస్‌లో ఒక కంటెస్టెంట్ వీళ్లను ఇంట్లోకి కూడా రానివ్వకూడదన్నట్టు మాట్లాడారు. వీకెండ్ ఎపిసోడ్‌లో హోస్ట్ మోహన్‌లాల్ దాన్ని వదల్లేదు. నేనైతే మా ఇంటికి రానిస్తాను అని అందరి ముందే చెప్పేశారు.

మోహన్‌లాల్ ఏమీ ఉపన్యాసం ఇవ్వలేదు. చట్టం గురించి మాట్లాడలేదు. ‘ఇల్లు’ గురించి మాట్లాడారు. మన దగ్గర ఈ సమస్య అంతా ఉన్నది ఇంట్లోనే కదా! కేరళలో ఒక తల్లి ఆ ఎపిసోడ్ తర్వాత ఏమనుకుందో ఎవరూ లెక్క తీయలేరు. కానీ అంత పెద్ద స్టార్ నోటి నుంచి వచ్చిన మాటకు ఒక బరువు ఉంటుంది. అంతకు రెండేళ్ల ముందే, 2023లో మమ్ముట్టి ‘కాథల్’లో స్వలింగ ప్రేమికుడైన భర్త పాత్ర వేశారు. తెలుగులో ఆ స్థాయి హీరో ఎవరూ ఇటువైపు అడుగు వేయలేదు. ‘గుంటూరు కారం’ లాంటి టైటిల్‌తో మన మిర్చి ఘాటు మీద సినిమాలు తీశాం. ఆ మిర్చి కోసే ఆడవాళ్ల మనసులోకి ఇంకా వెళ్లలేదు.

గాసిప్ లేకుండా కనిపించినవాళ్లు

ఆటల్లో మాత్రం పరిస్థితి వేరుగా ఉంది. 2019 మేలో స్ప్రింటర్ ద్యుతీ చంద్ తను తన ఊరి అమ్మాయితోనే ప్రేమలో ఉన్నానని బహిరంగంగా చెప్పేసింది. ఒడిశాలోని చాకా గోపాల్‌పూర్, నేత కుటుంబం. అప్పటికే 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు గెలిచిన అమ్మాయి. హార్మోన్ల నిబంధన పేరుతో ఆమెను ట్రాక్‌కు దూరం పెట్టిన కాలంలో హైదరాబాద్‌లోని తన అకాడమీ తలుపులు తెరిచింది పుల్లెల గోపీచంద్. ఆయన పుట్టింది ప్రకాశం జిల్లా నాగండ్లలో. దేశంలో ఇలా బయటపడి చెప్పిన తొలి అథ్లెట్ అయ్యింది ద్యుతీ. ఇంట్లోవాళ్లే ఎదురుతిరిగారు, ఊరు గుసగుసలాడింది. 2021లో 100 మీటర్లను 11.17 సెకన్లలో పరుగెత్తి జాతీయ రికార్డు బద్దలుకొట్టింది. పత్తి తీసే అమ్మాయికి ముంబై హీరోయిన్ కంటే నేతగాళ్ల బిడ్డ ద్యుతీ దగ్గరగా అనిపిస్తుంది.

ఇంకో ఉదాహరణ మన కళ్ల ముందే నడుస్తోంది, ఎవరూ పట్టించుకోవడం లేదు. దక్షిణాఫ్రికా ఆల్‌రౌండర్ మారిజాన్ కాప్ 2018లో తన సహచర క్రికెటర్ డేన్ వాన్ నీకెర్క్‌ను పెళ్లి చేసుకుంది. అదే కాప్ మహిళల ప్రీమియర్ లీగ్‌లో ఢిల్లీ క్యాపిటల్స్‌కు ఆడింది. 2025 సీజన్‌లో అదే జట్టులో బౌలింగ్ చేసింది కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి. ఫోన్లలో లక్షలమంది ఆ మ్యాచ్‌లు చూశారు. కాప్ ఇన్‌స్వింగర్ గురించి మాట్లాడుకున్నారు. ఆమె ఎవరిని పెళ్లి చేసుకుందన్న విషయం ఎవరికీ అడ్డు రాలేదు. వికెట్ పడితే చప్పట్లు కొట్టారు.

మాట దగ్గరే తడబాటు

తెలుగు వార్తల్లో ఇప్పటికీ వాడే మాట ‘స్వలింగ సంపర్కులు’. ‘సంపర్కం’ అనగానే మనిషి పోయి పడకగది మాత్రమే మిగులుతుంది. ఒక అమ్మాయీ అబ్బాయీ పారిపోతే ‘ప్రేమజంట’ అని రాస్తాం. ఇద్దరమ్మాయిలు వెళ్తే మాత్రం ‘సంపర్కం’ అని రాస్తాం. ఎందుకీ తేడా? ‘స్వలింగ ప్రేమికులు’ అనొచ్చు, ‘లెస్బియన్ జంట’ అనొచ్చు, లేదా మామూలుగా ‘కలిసి ఉంటున్న ఇద్దరు యువతులు’ అనొచ్చు. ఆడవాళ్ల శరీరం, స్వేచ్ఛ గురించి తెలుగులో ధైర్యంగా రాసిన ఓల్గాది ఈ గుంటూరే. మాటలు దొరకని భాషేమీ కాదు మనది.

తమిళనాడులో ఒక జడ్జి ఈ మాటల సంగతిని సీరియస్‌గా తీసుకున్నారు. మదురై నుంచి చెన్నై వచ్చిన ఇద్దరు యువతుల కేసులో, 2021 జూన్ 7న మద్రాస్ హైకోర్టు జస్టిస్ ఎన్.ఆనంద్ వెంకటేష్ ఇచ్చిన ఆదేశాలు దేశమంతా చర్చ అయ్యాయి. ఈ విషయం తనకే సరిగా తెలియదని ఒప్పుకుని, ఆయన స్వయంగా సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. అలా ఒప్పుకునే యాంకర్ ఒక్కరు దొరికితే బాగుండు. ఆ కేసు ఫలితంగానే ‘మార్చేస్తాం’ అంటూ చేసే కన్వర్షన్ థెరపీని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా చూడాలని 2022లో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. మందులు, ఇంజెక్షన్లతో ‘నయం’ చేస్తామనే డాక్టర్ ఎవరైనా ఉంటే ఫిర్యాదు చేయొచ్చన్నమాట.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది?

సెలబ్రిటీ వీడియోల్లో ఇది ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ చెప్పుకుందాం. ఇద్దరు మేజర్ ఆడవాళ్లు కలిసి ఉండటం నేరం కాదు. కొత్త భారతీయ న్యాయ సంహితలో 377 లాంటి సెక్షనే లేదు. లైంగిక ఇష్టం మనిషి ప్రైవసీలో భాగమని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లి హక్కు మాత్రం లేదు. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు దాన్ని గుర్తించడానికి నిరాకరించింది. ఆ కేసు పేరులోని సుప్రియో, అతని భాగస్వామి హైదరాబాద్‌లో ఉండే జంట. అయితే 2024లో కేంద్రం ఇచ్చిన స్పష్టత ప్రకారం ఇలాంటి జంటలు రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్లుగా ఉండొచ్చు. జాయింట్ బ్యాంక్ ఖాతా తెరవొచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు.

ఇంట్లో నిర్బంధిస్తే? 2024 మార్చి 11న సుప్రీంకోర్టు హైకోర్టులకు ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. హెబియస్ కార్పస్ పిటిషన్లను త్వరగా వినాలి. ఆ వ్యక్తితో జడ్జి ఏకాంతంగా మాట్లాడాలి. కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చేయకూడదు. తల్లిదండ్రుల దగ్గరికి పంపడమే పరిష్కారం అనుకోకూడదు. ఉచిత న్యాయ సాయానికి 15100, మహిళా హెల్ప్‌లైన్ 181, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416. ఈ మూడు నంబర్లకూ డబ్బు ఖర్చు లేదు.

కాగితం మీద ఇవన్నీ బాగున్నాయి. ఊరి పోలీస్ స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. అమ్మాయి కనిపించడం లేదని ఇంట్లోవాళ్లు మిస్సింగ్ కేసు పెడతారు. రెండో అమ్మాయి మీద కిడ్నాప్ ఆరోపణ వస్తుంది. నేలపాడు కోర్టుకొచ్చిన కేసులోనూ తండ్రి అలాగే ఫిర్యాదు చేశారు. మేజర్‌నని మొత్తుకున్నా ఆ యువతిని పదిహేను రోజులు విజయవాడలో హోమ్‌లో ఉంచారు. బయటికొచ్చి, మళ్లీ ఉద్యోగం మొదలుపెట్టి, భాగస్వామిని కలుసుకుంటున్న సమయంలో తండ్రి వచ్చి మళ్లీ తీసుకెళ్లారు. అప్పుడు గానీ హెబియస్ కార్పస్ దాకా రాలేదు. లాయర్‌ను పెట్టుకోగలిగారు కాబట్టి ఇది బయటికొచ్చింది.

ఆ కేసులో ఎవరూ టైటిల్ పెట్టని ఒక వివరం ఉంది. తనను వేధిస్తున్నారంటూ ఆ యువతి తండ్రి మీద అంతకుముందే పోలీసులకు ఫిర్యాదు చేసింది. నన్ను వదిలేస్తే చాలు, ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను అని కోర్టుకు చెప్పింది. కుటుంబం మీద క్రిమినల్ చర్యలు వద్దని ధర్మాసనం ఆదేశంలో రాసింది. ఆమె భాగస్వామి దగ్గరికి వెళ్లిపోయింది. వాళ్ల అసలు పేర్లు వార్తల్లో రాలేదు.